తెల్లగడ్డ తింటే కోడి పెరుగుతుందా?

విద్యార్థులారా! చిత్తూరు నుంచి తిరుపతికి గానీ, పలమనేరుకు గానీ బస్సులో వెళ్లేటప్పుడు కిటికీలోంచి గమనించండి. మామిడి తోటల నడుమ అక్కడక్కడ పొడవాటి రేకుల షెడ్లు కనిపిస్తాయి. వాటికి రెండు వైపులా నిండు గోడలకు బదులు ఇనుప జాలీ ఉంటుంది. అవి బ్రాయిలర్ కోళ్ల ఫారాలు. మీలో కొందరి కుటుంబాలకు అవే జీవనాధారం.

ఈ ఫారాల వద్ద ఒక మాట తరచుగా వినిపిస్తుంటుంది. "మేతలో తెల్లగడ్డ పొడి కలిపితే కోళ్లు రోగాలు లేకుండా త్వరగా బరువు పెరుగుతాయి, మందులతో పనిలేదు" అని. మనం తెల్లగడ్డ అనేదాన్నే కోస్తా జిల్లాలలో వెల్లుల్లి అంటారు, తెలంగాణలో ఎల్లిగడ్డ అంటారు. పెరట్లో నాటుకోళ్లు పెంచే అవ్వలకు ఇది కొత్త సంగతేమీ కాదు. కోడి కునుకుతూ ఒక మూల నిలబడితే తెల్లగడ్డ దంచి నోట్లో పెట్టడం వారికి అలవాటే.

అలవాటు పాతదైనంత మాత్రాన అది నిజమని చెప్పలేము. పాతదైనంత మాత్రాన అబద్ధమని కొట్టివేయనూ లేము. మరి ఎలా తేల్చాలి? ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

ఆరు వారాల్లో యాభై రెట్లు

గుడ్డు పొదిగిన 21వ రోజున కోడిపిల్ల బయటికి వస్తుంది. అప్పుడు దాని బరువు సుమారు 40 గ్రాములు. బ్రాయిలర్ పిల్ల ఆరు వారాలు తిరిగేసరికి 2 కిలోలు దాటుతుంది. అంటే యాభై రెట్లు! పుట్టినప్పుడు 3 కిలోలున్న పసిబిడ్డ ఇదే లెక్కన పెరిగితే ఆరు వారాల్లో 150 కిలోలు కావాలి. దీన్నిబట్టి ఆ చిన్న ప్రాణి పేగులు రాత్రింబవళ్లు ఎంత పని చేస్తాయో ఊహించండి.

ఈ పెరుగుదలకు ఒక కారణం జాతి. త్వరగా ఎదిగే కోళ్లను తరతరాలుగా ఎంపిక చేసి ఈ రకాలను తయారుచేశారు. రెండవ కారణం మేత. మొక్కజొన్న, సోయా చెక్క, లవణాలు, విటమిన్లు కొలత ప్రకారం కలిపి ఈ మేత తయారుచేస్తారు. కోడిని పెంచడానికి అయ్యే ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు మేతకే పోతుంది. అందుకే కోళ్ల రైతులు ఒక అంకెను నిత్యం లెక్క వేసుకుంటారు. కోడి తిన్న మేత బరువును, అది పెరిగిన బరువుతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. దానిని 'మేత మార్పిడి నిష్పత్తి' అంటారు. 3.5 కిలోల మేత తిని కోడి 2 కిలోలు పెరిగితే నిష్పత్తి 1.75. ఈ అంకె ఎంత తగ్గితే రైతుకు అంత మేలు.

కోడి తిన్న మేత మొదట గొంతు కింద ఉన్న సంచిలో నిలిచి నానుతుంది. తరువాత ఆమ్లం ఊరే జఠరాన్ని దాటి కందనకాయలోకి చేరుతుంది. కోడికి పళ్లు లేవు కనుక కందనకాయే తిరగలిలా మేతను నూరుతుంది. అక్కడినుంచి మేత పేగుల్లోకి పోతుంది. పేగుల్లో కోట్లాది బాక్టీరియాలు నివసిస్తుంటాయి. వాటిలో కొన్ని కోడికి మేలు చేసేవి. కొన్ని కోడి తిన్నదానిలో వాటా గుంజుకుంటాయి. మరికొన్ని పేగు లోపలి పొరను పుండు చేస్తాయి. పొర దెబ్బతింటే ఎంత మంచి మేత పెట్టినా అది రక్తంలోకి చేరదు. కనుక కోడి బరువు దాని పేగు ఆరోగ్యంపై ఆధారపడి ఉంటుందని గుర్తుంచుకోండి.

మందు మేతలోకి ఎలా వచ్చింది?

ఈ కథలో మన తెలుగువారి పేరు ఒకటి ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన విభాగానికి అధిపతిగా పనిచేశారు. ఆయన నాయకత్వంలో బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనుగొన్నాడు. అది 1948లో లోకానికి తెలిసింది. సుబ్బారావు ఆ సంవత్సరమే మరణించారు.

అదే ప్రయోగశాలలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ అనే ఇద్దరు కోడిపిల్లల ఆహారంపై పరిశోధన చేస్తున్నారు. ఆరియోమైసిన్ తయారీలో మిగిలిపోయే పిప్పిలో బి-12 విటమిన్ ఉంటుందని వారు దాన్ని పిల్లలకు మేతలో కలిపి పెట్టారు. పిల్లలు అనుకున్నదానికంటే ఎక్కువగా పెరిగాయి. ఆ అదనపు పెరుగుదలకు కారణం విటమిన్ కాదు, పిప్పిలో మిగిలిన కొద్దిపాటి యాంటీబయాటిక్ అని తరువాత తేలింది. 1950లో ఈ వార్త వెలువడగానే, జబ్బు లేని కోళ్లకు, పందులకు కూడా ప్రతిరోజూ మేతలో కొంచెం కొంచెంగా యాంటీబయాటిక్ కలపడం అనేక దేశాల్లో మొదలైంది.

ఇక్కడ తేడా గమనించండి. జబ్బు చేసిన కోడికి పశువైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు మందు ఇవ్వడం చికిత్స. జబ్బు లేని కోడికి బరువు కోసం రోజూ చిటికెడు మందు పెట్టడం చికిత్స కాదు. చిక్కు వచ్చింది ఈ రెండవదానితోనే.

చిటికెడు మందుతో వచ్చిన చిక్కు

అనుకూలమైన పరిస్థితుల్లో కొన్ని బాక్టీరియాలు 20 నిమిషాలకొకసారి రెండుగా చీలుతాయి. ఒకే ఒక బాక్టీరియా ఈ లెక్కన 8 గంటల్లో ఎన్ని అవుతుందో కట్టి చూడండి. 24 సార్లు రెట్టింపు అయితే 1,67,77,216! ఇన్నింటిలో ఏ ఒకటో రెండో, పుట్టుకలో వచ్చిన చిన్న మార్పు వల్ల, మందును తట్టుకోగలవి ఉండవచ్చు. కొద్దిపాటి మందు రోజూ తగులుతుంటే లొంగిపోయేవి చస్తాయి, తట్టుకునేవి మిగులుతాయి. పోటీ లేని చోట అవే పెరిగి నిండిపోతాయి. పొలంలో వరిని కోసేసి తుంగను వదిలేసినట్లు!

పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూ చేసిన ఉపన్యాసంలోనే ఈ ప్రమాదాన్ని హెచ్చరించాడు. చాలీచాలని మోతాదులో మందు వాడితే సూక్ష్మజీవులు దానిని తట్టుకోవడం నేర్చుకుంటాయని చెప్పాడు.

కోడిలో తయారైన ఈ మొండి బాక్టీరియాలు కోడితోనే ఆగిపోవు. ఎరువు ద్వారా, నీటి ద్వారా, సరిగా ఉడకని మాంసం ద్వారా, ఫారంలో పనిచేసేవారి చేతుల ద్వారా మనుషులను చేరగలవు. కొలిస్టిన్ అనే మందు కథ దీనికి ఉదాహరణ. మిగతా మందులేవీ పనిచేయనప్పుడు ఆసుపత్రుల్లో చివరి ఆశగా వాడే మందు అది. దానిని కొన్ని దేశాల్లో పశువుల, కోళ్ల మేతలో కూడా కలిపేవారు. కొలిస్టిన్‌ను తట్టుకునే శక్తినిచ్చే జన్యువు ఒకటి పందులలో, మాంసంలో, రోగులలో కనిపించిందని 2015లో చైనా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పైగా ఆ జన్యువు ఒక బాక్టీరియా నుంచి మరో జాతి బాక్టీరియాకు కూడా చేరగలదు.

స్వీడన్ 1986లోనే పెరుగుదల కోసం యాంటీబయాటిక్‌లను మేతలో కలపడాన్ని నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి పూర్తిగా మాన్పించింది. మన దేశంలో 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఆహారం కోసం పెంచే పశువులకు, కోళ్లకు, చేపలకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

మరి మందు మానేస్తే పేగు ఆరోగ్యాన్ని కాపాడేది ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుతూనే శాస్త్రజ్ఞులు మన వంటింటి పోపుల డబ్బా వైపు చూశారు. పసుపు, అల్లం, వాముతోపాటు తెల్లగడ్డ కూడా పరీక్షకు వచ్చింది.

తెల్లగడ్డలో దాగిన రసాయనం

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేయండి. మూడు తెల్లగడ్డ పాయలు తీసుకుని పొట్టు ఒలవండి. మొదటి పాయను గాయం కాకుండా అలాగే ఒక గిన్నెలో ఉంచండి. రెండవదానిని రోట్లో నలగ్గొట్టండి. మూడవదానిని పెద్దల సాయంతో పది నిమిషాలు మరిగే నీటిలో ఉడికించి, చల్లారాక నలగ్గొట్టండి. ఇప్పుడు మూడింటినీ వాసన చూడండి. తరువాత చేతులు కడుక్కోవడం మరవకండి, కళ్లు మండుతాయి.

మొదటిదానికి వాసన చాలా తక్కువ. రెండవది ముక్కుపుటాలు అదిరేంత ఘాటు. మూడవది నలగ్గొట్టినా ఆ ఘాటు రాదు. ఎందుకని?

పాయ కణాలలో అల్లియిన్ అనే పదార్థం ఉంటుంది. అందులో గంధకం ఉంది కానీ దానికి వాసన లేదు. అదే కణంలో వేరే అరలో అల్లినేజ్ అనే ఎంజైము ఉంటుంది. పాయ నిండుగా ఉన్నంతసేపూ ఈ రెండూ కలవవు. నలగ్గొట్టగానే అరలు పగిలి ఎంజైము అల్లియిన్‌పై పనిచేస్తుంది. క్షణాల్లో అల్లిసిన్ అనే కొత్త పదార్థం పుట్టడం మొదలవుతుంది. ఆ ఘాటు దానిదే. ఉడికించినప్పుడు ఎంజైము వేడికి చెడిపోతుంది కనుక అల్లిసిన్ పుట్టదు. పురుగు కొరికినా, బూజు పట్టినా తనను తాను కాపాడుకోవడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది.

అల్లిసిన్‌ను 1944లో అమెరికాలో చెస్టర్ కవాలిటో, జాన్ బెయిలీ అనే రసాయన శాస్త్రజ్ఞులు వేరుచేశారు. అది అనేక రకాల బాక్టీరియాల పెరుగుదలను అడ్డుకుంటుందని ప్రయోగశాలలో చూపారు. బాక్టీరియా ఎంజైములలో గంధకం ఉన్న భాగాలను అల్లిసిన్ పట్టుకుంటుంది. దాంతో ఆ ఎంజైములు పనిచేయకుండా పోతాయి.

అంటే అవ్వల మాటలో కొంత నిజం ఉందన్నమాట. అయితే తొందరపడకండి!

గాజు పళ్లెం వేరు, కోడి పేగు వేరు

ప్రయోగశాలలోని గాజు పళ్లెంలో బాక్టీరియా మీద అల్లిసిన్ నేరుగా పడుతుంది. కోడి కడుపులో అలా కాదు. అల్లిసిన్ నిలకడ లేని పదార్థం. ఇది క్రమంగా విడిపోయి ఇతర గంధక పదార్థాలుగా మారిపోతుంది. తెల్లగడ్డను ఎక్కువ వేడిలో ఎండబెట్టి పొడి చేస్తే ఎంజైము ముందే చెడిపోతుంది. మేతను గుళికలుగా చేసే యంత్రాల్లో ఆవిరి వేడి తగులుతుంది. ఈ గండాలు దాటినా, కడుపులోని ఆమ్లం ఎంజైమును పనిచేయనివ్వదు. కనుక 'తెల్లగడ్డ పొడి' అని సంచిమీద ఒకే పేరున్నా, రెండు సంచుల్లోని పొడి ఒకేలా పనిచేస్తుందని చెప్పలేము.

మోతాదు సంగతి కూడా ఉంది. కుక్కలకు, పిల్లులకు ఉల్లి, తెల్లగడ్డ విషం. వాటిలోని గంధక పదార్థాలు ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. కోళ్లు వీటికన్నా బాగానే తట్టుకుంటాయి కానీ, ఎంత పెట్టినా హాని లేదనుకోవడం పొరపాటు. ప్రకృతిలో దొరికింది కదా అని దేన్నీ కొలత లేకుండా వాడకూడదు. ఉమ్మెత్త కూడా ప్రకృతి ఇచ్చిందే!

న్యాయమైన పరీక్ష

ఒక రైతు ఈసారి తెల్లగడ్డ పెట్టాడు, కోళ్లు బాగా పెరిగాయి. "తెల్లగడ్డ మహిమ" అన్నాడు. దీనిని ఒప్పుకోవచ్చా? ఈసారి ఎండలు తక్కువేమో. పిల్లలు బలమైనవి వచ్చాయేమో. షెడ్డు బాగా శుభ్రం చేశారేమో. పోల్చడానికి తెల్లగడ్డ తినని కోళ్లు పక్కనే లేవు కనుక మనకు తెలియదు.

తిరుపతిలో పశువైద్య కళాశాల 1955లో ఏర్పడింది. 2005లో అక్కడే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం నెలకొన్నది. ఇలాంటి విద్యాలయాల్లో మేతను పరీక్షించే పద్ధతి స్థూలంగా ఈ విధంగా ఉంటుంది.

ఒకే రోజు పుట్టిన పిల్లలను తీసుకుంటారు. బలమైనవన్నీ ఒకవైపు చేరకుండా చీటీలు తీసినట్లు గుంపులుగా విడదీస్తారు. ఒక గుంపుకు మామూలు మేత. మరో గుంపుకు అదే మేతలో, ఉదాహరణకు, నూటికి అర పాలు తెల్లగడ్డ పొడి. ఇంకో గుంపుకు నూటికి ఒక పాలు. నీరు, వెలుతురు, వేడి, టీకాలు అన్నిటికీ సమానం. మామూలు మేత తినే గుంపును 'నియంత్రణ గుంపు' అంటారు. ప్రయోగానికి అదే తూనికరాయి.

ఒక్కొక్క రకం మేతకు ఒకే గది ఉంటే చాలదు. వాకిలి పక్క గదికి గాలి ఎక్కువ తగలవచ్చు. అందుచేత ఒక్కొక్క మేతను అనేక గదుల్లో పెట్టి చూస్తారు. ప్రతి వారం బరువు తూస్తారు. తిన్న మేతను లెక్కిస్తారు. చనిపోయిన కోళ్లను కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఒకే మేత తిన్న రెండు గుంపుల మధ్య కూడా కొంత తేడా మామూలుగానే ఉంటుంది. తెల్లగడ్డ తెచ్చిన తేడా ఆ మామూలు తేడాను మించితేనే దానికి విలువ.

ఇటువంటి పరీక్షలు ప్రపంచంలో చాలా చోట్ల జరిగాయి. ఫలితాలు మాత్రం ఒకే తీరుగా లేవు. కొన్నింటిలో బరువు, మేత మార్పిడి నిష్పత్తి మెరుగుపడ్డాయి. కొన్నింటిలో ఏ తేడా లేదు. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం వారు 1997లో ప్రచురించిన పరిశోధనలో, తెల్లగడ్డ పొడి తిన్న బ్రాయిలర్ల రక్తంలో, మాంసంలో కొలెస్టరాల్ తగ్గింది. అయితే అక్కడ మేతలో కలిపింది నూటికి 1.5 నుంచి 4.5 పాళ్లు. అంత పొడి మన రైతు కొనగలడా?

లెక్క కడదాం

ఈ కింది అంకెలు లెక్క కోసం ఊహించినవి. ఇరవై కోళ్ల గుంపులు రెండు. మొదటి గుంపు 70 కిలోల మేత తిని 40 కిలోలు పెరిగింది. నిష్పత్తి 1.75. రెండవ గుంపు, నూటికి అర పాలు తెల్లగడ్డతో, 68 కిలోలు తిని 40 కిలోలు పెరిగింది. నిష్పత్తి 1.70. తెల్లగడ్డే గెలిచినట్లు కనిపిస్తుంది కదా!

కిలో మేత 40 రూపాయలనుకుంటే, మిగిలిన 2 కిలోలకు ఆదా 80 రూపాయలు. 68 కిలోలలో నూటికి అర పాలు అంటే 340 గ్రాముల పొడి. పచ్చి తెల్లగడ్డలో సుమారు 60 శాతం నీరే కనుక కిలో పొడికి రెండున్నర కిలోల గడ్డలు కావాలి. పొడి కిలో 300 రూపాయలైతే 340 గ్రాములకు 102 రూపాయలు. అంటే కోడి గెలిచింది, రైతు 22 రూపాయలు ఓడిపోయాడు! పొడి కిలో 200కు దొరికితే ఖర్చు 68 రూపాయలే. అప్పుడు 12 రూపాయలు మిగులుతుంది. ఒక్క కోడి చావు తప్పినా లెక్క మళ్లీ మారిపోతుంది. ఇలా శాస్త్రం సమాధానం చెప్పిన తరువాత కూడా సంత ధర ఒక ప్రశ్న వేస్తుంది.

మరొక సంగతి. చాలామంది రైతులు కంపెనీలతో ఒప్పందం మీద కోళ్లు పెంచుతారు. పిల్లలు, మేత, మందులు కంపెనీ ఇస్తుంది. షెడ్డు, నీరు, శ్రమ రైతువి. పెంచినందుకు కిలోకు ఇంత అని కూలి ముడుతుంది. అలాంటి రైతు మేతలో ఏది కలపాలన్నా ముందు కంపెనీని, పశువైద్యుణ్ణి అడగాలి.

తెల్లగడ్డ చేయలేని పనులు

కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది. దానికి టీకాయే రక్ష. తెల్లగడ్డ టీకాకు బదులు కాదు. తడిసిన పొట్టు తీసి పొడి పొట్టు వేయడం, నీటి తొట్లు కడగడం, పిల్లలకు తగినంత వేడి, గాలి అందించడం, కొత్తవారిని షెడ్డులోకి రానివ్వకపోవడం వంటి పనులకు కూడా తెల్లగడ్డ బదులు కాదు. స్వీడన్ వంటి దేశాలు యాంటీబయాటిక్ లేకుండా కోళ్లను పెంచగలగడానికి ముఖ్య కారణం శుభ్రతే. దీన్ని మెరుగుపరచిన షెడ్డులో తెల్లగడ్డ కొంత తోడ్పడవచ్చు. మురికి షెడ్డును అది బాగుచేయలేదు.

కనుక "తెల్లగడ్డ మంచిదా?" అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పకండి. "ఏ రకం పొడి? ఎంత? దేనితో పోల్చారు? ఎన్ని గదుల్లో చూశారు? ఖర్చెంత?" అని అడగండి. ఈ ఐదు ప్రశ్నలు తెల్లగడ్డకే కాదు, రేపు మీ ఊరికి సంచిలో వచ్చే ఏ కొత్త మేతకైనా, సీసాలో వచ్చే ఏ కొత్త మందుకైనా పనికివస్తాయి.

ఆలోచించి జవాబు రాయండి

1. నిండు పాయకు వాసన ఎందుకు ఉండదు? ఉడికించి నలిపితే ఘాటు ఎందుకు రాదు?

2. 36 కిలోలు పెరగడానికి ఒక గుంపు 61.2 కిలోల మేత తిన్నది. మేత మార్పిడి నిష్పత్తి ఎంత?

3. జబ్బు కోడికి మందు ఇవ్వడానికి, రోజూ మేతలో మందు కలపడానికి తేడా ఏమిటి? రెండవది ఎందుకు ప్రమాదం?

4. మీ పెరట్లో పది కోడిపిల్లలు ఉన్నాయి. తెల్లగడ్డ పనిచేస్తుందో లేదో వాటితో నిశ్చయంగా తేల్చగలరా? తేల్చలేకపోతే ఇంకా ఏమేమి కావాలి?